పదమూడు పలకరింపులు

ఉదయం ఎనిమిదీ పదికి ఆసుపత్రి సర్వర్ గదిలో అడుగుపెట్టిన సూదమ్మ మొదట చూసింది మిషన్లను కాదు, కుర్చీని.

గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకటి చేతులు అరిగి, దిండు మధ్యలో గుంట పడి, రోజూ వాడుతున్నట్టే ఉంది. రెండోదాన్ని పొట్టి మనిషికి సరిపోయేలా బాగా కిందికి దించి పెట్టారు. దాని మీద దుమ్ము పేరుకుంది. వీపుకి ఊదారంగు స్వెట్టరు తగిలించి ఉంది. మిషన్లు వేడెక్కకుండా ఈ గదిని ఎప్పుడూ చలిగానే ఉంచుతారు. వచ్చిన రెండు నిమిషాలకే సూదమ్మ తన చేతులు చంకల్లో దాచుకుంది.

"ఈ స్వెట్టరు ఎవరు అల్లారు?" అని అడిగింది.

"నేనే. మా చెల్లెలికి, పోయిన చలికాలంలో," అంది పక్కనే నిలబడిన హెడ్‌నర్సు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, యూనిఫాం మాత్రం మడత నలగలేదు.

సూదమ్మ స్వెట్టరు జేబులు తడిమి చూసింది. ఒక దానిలో సగం వాడిన దగ్గుబిళ్ళల రేకు, ఇంకో దానిలో ఇంటి తాళంచెవి. కొత్త ఉద్యోగానికి ఊరు మారి వెళ్ళే మనిషి స్వెట్టరు మరిచిపోవచ్చు. ఇంటి తాళంచెవిని అందులోనే వదిలి పోదు.

సూదమ్మకు యాభై రెండేళ్ళు. పోలీసు శాఖలో వేలిముద్రల విభాగంలో ఇరవై ఏళ్ళు పనిచేసి బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. సన్నగా ఉంటుందనీ, మాట గుచ్చుకుంటుందనీ శాఖలో ఎవరో పెట్టిన పేరది. అసలు పేరు అందరూ మరిచిపోయాక ఆవిడ కూడా ఆఫీసు బోర్డు మీద అదే రాయించుకుంది.

నిన్న సాయంత్రం హెడ్‌నర్సు ఆవిడ దగ్గరికి వచ్చి చెప్పిన సంగతి చిన్నదే. ఆమె చెల్లెలు ఈ ఆసుపత్రిలో ఏడేళ్ళుగా మెయిల్ వ్యవస్థ చూసుకుంటోంది. పదిహేను రోజుల కిందట, సోమవారం పొద్దున ఇంటి నుంచి బయల్దేరి తిరిగి రాలేదు. అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ బల్ల మీద ఆమె సంతకంతో రాజీనామా దొరికింది. ఆ ఆఫీసర్ని ఆసుపత్రిలో అందరూ ఏ.ఓ. గారంటారు. రెండ్రోజులు గడిచాక అక్క ఆసుపత్రి మెయిల్‌కి ఉత్తరాలు రావడం మొదలైంది. రోజూ ఉదయం సరిగ్గా తొమ్మిదీ పదికి ఒక మెయిల్. బాగున్నాను, కొత్త ఉద్యోగం బాగుంది, వెతకొద్దు. పదమూడు రోజుల్లో పదమూడు ఉత్తరాలు. పదమూడూ స్పామ్ ఫోల్డర్‌లోనే పడ్డాయి.

పోలీస్ స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ ఆమె మాట పూర్తిగా వినలేదు. మైనారిటీ తీరిన మనిషి, సొంత చేతి సంతకం, రోజుకో ఉత్తరం, ఇందులో కేసేముందన్నాడట. మా ఆవిడ పుట్టింటికెళ్తే నాకు వారానికో ఫోన్ కూడా రాదు, మీరు అదృష్టవంతులు అని నవ్వాడట. స్పామ్ సంగతి ఎత్తితే, మంచి మంచి ఉత్తరాలే అందులో పడుతుంటాయమ్మా అని కొట్టిపారేశాడట.

సూదమ్మ కేసు తీసుకున్నది ఆ తర్వాత నర్సు అన్న మాటకి.

"ఆ స్పామ్ ఫిల్టర్‌ని ఇక్కడ నిలబెట్టింది మా చెల్లెలేనండీ. వండినమ్మకి కూరలో ఉప్పెంతో తెలీదా? తను పెట్టిన జల్లెడలో తన ఉత్తరమే పదమూడు సార్లు చిక్కుకుందంటే, కావాలనే చిక్కించింది."

ఇప్పుడు గదిలో ఉన్న మూడో మనిషిని ఆసుపత్రిలో అందరూ బాబాయ్ అంటారు. సిస్టమ్స్ అసిస్టెంటు. నలభై ఎనిమిదేళ్ళు, మందపాటి అద్దాలు, చొక్కా జేబులో కడుపుమంట మాత్రలు. తప్పిపోయిన అమ్మాయి లేని ఈ పదిహేను రోజులూ మెయిల్ వ్యవస్థ అతని చేతిలోనే నడుస్తోంది. సూదమ్మ అతన్ని గుంట పడిన కుర్చీలో కూర్చోబెట్టి, తను నిలబడే అడిగింది. ఒక ఉత్తరం ఈ ఆసుపత్రికి వస్తే ఏం జరుగుతుందో మొదటి నుంచి చెప్పమంది. బడికెళ్ళే పిల్లకి చెప్పినట్టు చెప్పమంది.

బాబాయ్ చెప్పాడు. మెయిల్ సర్వర్ గుమ్మం దగ్గర నిలబడ్డ కాపలావాడిలాంటిది. బయటి నుంచి ఏ మిషన్ ఉత్తరం తెచ్చినా, ముందు తలుపు తట్టి నేను ఫలానా అని పేరు చెప్పుకోవాలి. దాన్నే పలకరింపు అంటారు. ఆ మిషన్ ఏ నంబరు నుంచి వచ్చిందో, ఏం పేరు చెప్పుకుందో, ఉత్తరం ఎవరు ఎవరికి రాశారో, ఏ సెకనుకి వచ్చిందో కాపలావాడు ఒక చీటీ మీద రాస్తాడు. ఆ చీటీని ఉత్తరంతో పాటు లోపలున్న ఫిల్టర్‌కి అందిస్తాడు. ఫిల్టర్ గుమ్మం వైపు ఎప్పుడూ చూడదు. దానికి కళ్ళూ చెవులూ ఆ చీటీయే. చీటీ చూసి మార్కులు వేస్తుంది. ఐదు దాటితే స్పామ్. పది దాటితే ఉత్తరాన్ని గుమ్మంలోంచే వెనక్కి తిప్పి పంపేస్తారు. మార్కులు వేశాక చీటీ ఫిల్టర్ దగ్గరే ఉండిపోతుంది. ఉత్తరం అందుకున్న మనిషి దాన్ని చూడనే చూడరు.

"రోజుకి ఎన్ని?"

"నలభై వేలు దాటతాయమ్మా. ఒక్కోదానికి అర సెకను కూడా పట్టదు."

సూదమ్మ ఆ మిషన్ల వైపు తిరిగింది. మనిషెత్తు ఇనుప చట్రంలో వరసగా పేర్చిన నల్లటి పెట్టెలు, వాటి మీద మినుకుమినుకుమనే పచ్చటి చుక్కలు. వేలిముద్రల విభాగంలో ఒక్క కార్డు పోల్చడానికి ఆవిడకి ఒక పూట పట్టేది. ఇక్కడ ఆ చుక్క ఆరి వెలిగేలోపు ఎవరో ఎక్కడి నుంచో వస్తున్నారు, పేరు చెబుతున్నారు, ఆ పేరు కాగితం మీదికెక్కి లోపలికి వెళ్తోంది, తీర్పు వస్తోంది. అదంతా ఈ ఉక్కపోత ఎరగని గదిలో, మనిషి చెవికి వినబడకుండా.

ఆవిడ తిరిగి బాబాయ్ వైపు చూసింది. "చీటీలో ఏం రాయాలో మార్చగలిగేది ఎవరు?"

"ఇద్దరమే. ఆ అమ్మాయీ, నేనూ."

"మార్చారా?"

బాబాయ్ చెయ్యి మాత్రల జేబు మీదికి పోయింది. సూదమ్మ ఇంకేమీ అడగలేదు. ఇలాంటప్పుడు అడిగితే మనిషి అబద్ధం వెతుక్కుంటాడు, ఊరుకుంటే నిజం బరువెక్కుతుందని ఆవిడ నమ్మకం. గోడ గడియారం ఎనిమిదీ ఇరవై ఆరు చూపిస్తుండగా అతను తలెత్తకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

మూడు నెలల కిందట ఏ.ఓ. గారు ఒక టెక్నీషియన్ని వెంటబెట్టుకుని వచ్చి, ఏదో తనిఖీ అని చెప్పి, సిస్టమ్‌లోకి వెళ్ళే బాబాయ్ పాస్‌వర్డ్ అడిగారు. ఆరు నిమిషాలు లోపలున్నారు. పెద్దాయన అడిగితే కాదనడం ఎలా అని ఇచ్చేశాడు. ఆ తర్వాత అంతా మామూలుగానే నడిచింది. పోయిన నెల ఆ అమ్మాయికి అనుమానం వచ్చింది. ఆసుపత్రి తన రోగులకు ఇక్కడే తెరిచిన మెయిల్ పెట్టెలకు రాసే ఉత్తరాల చీటీ మీద సర్వర్ 'మనింటిదే' అని ఒక గుర్తు వేస్తుంది. ఆ గుర్తు ఉంటే ఫిల్టర్ ఆ ఉత్తరాన్ని ముట్టుకోదు. ఏడుగురు రోగుల విషయంలో మాత్రం ఆ గుర్తు పడటం లేదు. ఆ ఏడుగురూ మూత్రపిండం కోసం వరసలో ముందున్నవాళ్ళు. మీ వంతు వచ్చింది, ఆరు గంటల్లోగా రండి అని వాళ్ళకి వెళ్ళిన ఉత్తరాలు స్పామ్‌లో పడ్డాయి. ఆరు గంటలూ గడిచిపోయాయి. వంతు వెనకవాళ్ళకి వెళ్ళిపోయింది.

"ఆ ఏడుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరమ్మా," అన్నాడు బాబాయ్.

హెడ్‌నర్సు గోడకి ఆనుకుంది. ఆ ఇద్దరూ ఆమె వార్డులోనే పోయారు.

ఎవరూ అబద్ధం రాయలేదు, ఎవరి పేరూ కొట్టేయలేదు. కాపలావాడు లోపలివాడికి చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు, అంతే. దానికే రెండు ప్రాణాలు పోయాయి.

మిగతాది బాబాయ్ గబగబా చెప్పేశాడు. ఆ ఏడు చీటీల నకళ్ళకి తాళం వేసి ఆ అమ్మాయి ఎక్కడో దాచింది. సోమవారం సూపరింటెండెంట్‌కి చూపిస్తానని శుక్రవారం సాయంత్రం బాబాయ్‌తో చెప్పింది. సోమవారం ఆమె ఆఫీసుకి చేరలేదు. ఆ నకళ్ళు ఎక్కడున్నాయో తెలియనంత వరకూ వాళ్ళు ఆ పిల్లని ఏమీ చెయ్యరనే ధైర్యంతో నోరు మూసుకున్నానన్నాడు.

"ధైర్యం కాదది," అంది సూదమ్మ. "సరే. ఆ పదమూడు ఉత్తరాల చీటీలు తియ్యి."

ఎనిమిదీ ముప్పై తొమ్మిదికి చీటీలు తెర మీదికి వచ్చాయి. నంబర్లు రోజుకో దేశానివి. ఆచూకీ దొరకకుండా ఎవరో ముసుగు వేశారని, వాటి వెంట పడి లాభం లేదని బాబాయ్ చెప్పాడు. రాసింది చెల్లెలు, అందుకున్నది అక్క, సమయం తొమ్మిదీ పది. పదమూడింటికీ ఒకే మార్కులు, ఆరు పాయింట్ ఒకటి. మార్కులు పడటానికి కారణం ఒక్కటే. పలకరింపు పేరు సరిగా లేదు.

"ఏం పేరు చెప్పింది?"

బాబాయ్ తెరని పక్కకి జరిపాడు. మిషన్లు ఇలా పిచ్చిపిచ్చి పేర్లు చెబుతూనే ఉంటాయి, నేను పట్టించుకోలేదు అన్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ పేర్లు ఒక్కోటీ ఒక్కో రోజుది. నలభై వేల చీటీల మధ్య ఒకటి.

సూదమ్మ నర్సు చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి, పేర్లని ఒకదాని కింద ఒకటి తెలుగులో రాయమంది. బాబాయ్ చదువుతుంటే నర్సు రాసింది. మూడో పేరు దగ్గర ఆమె పెన్సిలు ఆగింది. తర్వాత మళ్ళీ కదిలింది, ఇంకా వేగంగా. పదమూడూ పూర్తయ్యాక కాగితం సూదమ్మ చేతికివ్వకుండా తనే చదివింది.

"నేనుగా. రాలేదు. తెచ్చారు. కిటికీ. లేదు. నీళ్ళ. మోత. పొద్దున. ఆరు. సాయంత్రం. ఆరు. పైన. బండ్లు."

సూదమ్మ ఆ కాగితం మీదికి వంగింది.

సూదమ్మ ముప్పై ఏళ్ళలో చాలా తెలివితేటలు చూసింది. గోడల్లో దాచినవి, చెప్పుల మడమల్లో దాచినవి, చచ్చిన మనిషి పళ్ళ మధ్య దాచినవి. ఇలాంటిది చూడలేదు. వెనక ఎవరో నిలబడి ప్రతి అక్షరం చదువుతుంటే, ఆ పిల్ల బాగున్నాను అని టైపు చేసింది. వాళ్ళు ఉత్తరం చదివారు, కామాలు కూడా తడిమి చూసి ఉంటారు. ఉత్తరంలో ఏమీ లేదు. ఆమె మిషన్ గుమ్మంలో చెప్పుకున్న పేరులో ఉంది, సర్వర్ ఫిల్టర్‌కి గుసగుసగా చెప్పే చోట ఉంది, మనుషులెవరూ చూడని చీటీలో ఉంది. రోజుకి ఒక్క మాట. రేపటి మాటకి తను బతికి ఉంటుందో లేదో తెలియకుండా.

"మార్కులు ఆరెందుకు?" అని అడిగింది మెల్లగా.

బాబాయ్ తెర మీది మార్కుల మీద వేలు పెట్టాడు. "ఐదు దాటకపోతే ఇన్‌బాక్స్‌లో పడేది, అక్కకి అనుమానం వచ్చేది కాదు. పది దాటితే గుమ్మంలోనే పోయేది, చీటీ మిగిలేది కాదు. ఆ రెంటి మధ్యా పడేలా ప్రతి పేరూ తూచింది. అక్కడ తన దగ్గర ఈ ఫిల్టర్ లేదమ్మా. మనసులో లెక్క వేసుకుంది."

నర్సు కాగితాన్ని మడవలేదు, గుండెకి హత్తుకోనూ లేదు. రెండు చేతులతో పట్టుకుని, అంచు నలగకుండా అలాగే నిలబడింది.

ఎనిమిదీ యాభై రెండుకి తలుపు దబ్బున తెరుచుకుంది.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళు, గట్టి మనిషి, శాఖలో మంచి పేరు. సూదమ్మకి స్వయానా అన్న కొడుకు. పసివాడుగా ఉన్నప్పుడు ఆవిడ భుజం మీదే పెరిగాడు. పోటీ మాత్రం ఆమె ఉద్యోగం మానేసిన నాటి నుంచీ ఉంది. రెండు కేసుల్లో అతను మూసేసిన ఫైలుని ఆవిడ తెరిపించింది. పదిమందిలో అతను ఆవిడని మేడం అంటాడు, కోపం వస్తే అత్తా అంటాడు.

"మేడం, మీరు ఇక్కడ ఉండటానికి వీల్లేదు. బయటి మనిషి సర్వర్ గదిలో జొరబడి రోగుల వివరాలు చూస్తోందని ఏ.ఓ. గారు కంప్లయింట్ ఇచ్చారు. మిషన్లన్నీ ఆపేసి సీల్ చెయ్యాలి." అంటూ వెనక ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళకి స్విచ్ బోర్డు చూపించాడు.

సూదమ్మ వెళ్ళి స్విచ్ బోర్డుకి వీపు ఆనించి నిలబడింది.

"కంప్లయింట్ ఎలా ఇచ్చాడు?"

"ఫోన్లో. ఆయన ఇవాళ సెలవు."

"ఎన్ని గంటలకి?"

"ఎనిమిదీ పదిహేనుకి. అయితే?"

"నేనీ గదిలోకి ఎనిమిదీ పదికి వచ్చాను. సెలవులో ఇంట్లో కూర్చున్నవాడికి ఐదు నిమిషాల్లో ఎవరు చెప్పారు?"

అందరి చూపూ బాబాయ్ మీదికి పోయింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఈ తలుపు తెరిస్తే చాలు, లోపలికొచ్చినవాళ్ళ ఫోటోతో ఏ.ఓ. గారి ఫోన్‌కి మెసేజ్ వెళ్ళేలా పెట్టారని, పదిహేను రోజుల కిందట ఆయనే దగ్గరుండి పెట్టించారని చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్ నుదురు ముడిపడింది. అయినా తగ్గలేదు. "నువ్వు ఎప్పుడూ ఇంతే అత్తా. గోరంత దొరికితే కొండంత చేస్తావు. పక్కకి తప్పుకో."

"తప్పుకుంటా. ముందు ఇది చదువు," అని నర్సు చేతిలోని కాగితం చూపించింది సూదమ్మ. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాలుగు ముక్కల్లో చెప్పింది. ఏడుగురు రోగుల సంగతి కూడా చెప్పింది.

అతను ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. స్టేషన్లో ఆమె ముందు తను వేసిన జోకు అతనికి ఇప్పుడు గుర్తొచ్చి ఉంటుంది.

అయితే మనిషి మొద్దు కాదు. కాగితం మీద వేలు పెట్టి, పొద్దున ఆరు, సాయంత్రం ఆరు అంటే ఊళ్ళోకి నీళ్ళు వదిలే వేళ అన్నాడు. వాల్వు తిప్పినప్పుడు పంపుగది దద్దరిల్లిపోతుంది. పైన బండ్లు వెళ్ళేది వంతెన కిందున్న పంపుగదులకే. అలాంటివి రెండే ఉన్నాయి. ఒకటి పాత వంతెన కింద, ఒకటి కొత్త వంతెన కింద. ట్రాఫిక్‌లో పనిచేసినప్పుడు రెండింటి నీడలోనూ నిలబడ్డానన్నాడు.

"రెండూ చెరో దిక్కు. నా దగ్గరున్నది ఒక్క జీపు. కంట్రోల్ రూముకి చెబితే వైర్‌లెస్‌లో ఊరంతా వింటుంది. మనం తప్పు వంతెనకి వెళ్ళామని తెలిస్తే వాళ్ళు రెండో చోట ఆ అమ్మాయిని మిగల్చరు." ఆ తర్వాత బాబాయ్ భుజం పట్టుకుని, ముందు వీణ్ణి స్టేషన్‌కి పంపుతాను, మూడు నెలలు నోరు మూసుకున్నాడు అన్నాడు.

"పంపుదువుగాని. ఇంకో పావుగంట ఆ చేతులు నాకు కావాలి," అంది సూదమ్మ.

తొమ్మిదీ రెండు. ఇంకో ఎనిమిది నిమిషాల్లో పద్నాలుగో ఉత్తరం రావాలి.

సూదమ్మ ఇనుప చట్రం ముందు అటూ ఇటూ రెండడుగులు వేసి ఆగింది. "బాబాయ్, తలుపు తట్టినవాళ్ళు పేరు చెబుతారన్నావు. మన కాపలావాడు నోరు విప్పడా?"

బాబాయ్ అద్దాల్లోంచి ఆవిడ వైపు గుడ్లప్పగించి చూశాడు.

"విప్పుతాడమ్మా. నిజానికి ముందు మాట్లాడేది వాడే. తలుపు తట్టగానే, ఇది ఫలానా ఆసుపత్రి అని ఒక వాక్యం చెబుతాడు. ఆ తర్వాతే వాళ్ళు పేరు చెబుతారు. ఆ వాక్యాన్ని మిషన్లు తప్ప ఎవరూ చదవరు."

"దాన్ని మార్చగలవా?"

"మార్చగలను."

ఇన్‌స్పెక్టర్ అడ్డుపడ్డాడు. అక్కడ ఆమె పక్కన ఆ టెక్నీషియన్ కూర్చుని ఉంటే ఆ వాక్యం వాడికీ కనబడుతుందని, అదే ఆమె ప్రాణం తీస్తుందని అన్నాడు. అతను చెప్పింది నిజం. ఇది తను తేల్చే విషయం కాదు. ఆవిడ నర్సు వైపు చూసింది.

నర్సు గడియారం చూసింది, కాగితం చూసింది. "అడగండి," అంది.

ఏం అడగాలన్నది సూదమ్మ ఆలోచించింది. ఎక్కడున్నావంటే ఆ పిల్లకి తెలియదు, కిటికీ లేని గది. తెలిసింది చెవులకే. పాత వంతెన పక్కనే రైలు పట్టాలున్నాయి, అరగంటకో రైలు. కొత్త వంతెన దగ్గర లేవు. ఆవిడ చెప్పిన మాటల్ని బాబాయ్ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. చదివాం, రైలు వినబడుతుందా.

తొమ్మిదీ ఏడుకి ఆసుపత్రి సర్వర్ లోకానికంతటికీ ఆ మాట చెప్పడం మొదలుపెట్టింది. మందుల కంపెనీల మిషన్లు వచ్చాయి, లేబొరేటరీల మిషన్లు వచ్చాయి. గుమ్మంలో ఆ ప్రశ్న విన్నాయి, అర్థం కాక తమ పేర్లు చెప్పుకుని వెళ్ళిపోయాయి. తెర మీద వాటి వరస జారిపోతుంటే అందరూ తెరకి దగ్గరగా జరిగారు.

తొమ్మిదీ పది, ఆరో సెకను. పలకరింపు వచ్చింది. పేరు, ఇవాళే.

వెంటనే ఉత్తరం. సర్వర్ చీటీ రాసింది, ఫిల్టర్ ఆరు పాయింట్ ఒకటి వేసింది, ఉత్తరం స్పామ్‌లో పడింది. నర్సు తన ఫోన్‌లో తెరిచి చదివింది. అక్కా, నేను బాగున్నాను, పని మీద చాలా దూరం వెళ్తున్నాం, ఇకపై ఉత్తరాలుండవు, కంగారు పడకు. అంతే.

ఆ రెండూ కలిపి చదివాక, ఆమెని ఇవాళే మాయం చేయబోతున్నారని ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. తను ఈ తలుపు తెరవడం వల్లే వాళ్ళు తొందరపడుతున్నారని సూదమ్మకు అర్థమైంది.

తొమ్మిదీ పదకొండు. పన్నెండు. ఏమీ లేదు. చాలా ప్రోగ్రాములు ఆ మొదటి వాక్యాన్ని తెర మీద చూపించవని, ఆమె చూసి ఉండదని బాబాయ్ గొణిగాడు.

"చూస్తుంది," అంది నర్సు. "మా ఇంట్లో కంచం కొంటే, కంచం తిరగేసి వెనక ఏం రాసుందో చదివే మనిషది."

తొమ్మిదీ పదమూడు నిమిషాల నలభై ఒకటో సెకనుకి ఒక మిషన్ తలుపు తట్టింది. ఉత్తరం తేలేదు. ప్రశ్న విని, తన పేరు చెప్పి, వెళ్తున్నానని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయింది. చెప్పిన పేరు, రైలులేదు.

ఆ పిల్ల విన్నది. ఉత్తరం సరిగా వెళ్ళలేదనో, మళ్ళీ పంపాలనో పక్కనున్నవాళ్ళకి ఏదో చెప్పి, గోడల అవతల నుంచి, ముసుగుల వెనక నుంచి జవాబిచ్చింది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టే ఉంది. ఇన్‌స్పెక్టర్ కూడా ఆ ఒక్క మాట వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అతనికి అత్త మీద ఉన్న పట్టుదల ఆ క్షణాన ఎక్కడికి పోయిందో తెలియదు.

"కొత్త వంతెన," అని తలుపు వైపు తిరిగాడు. "నువ్వు ఇక్కడే ఉండు అత్తా. ఏం వచ్చినా ఫోన్ చెయ్యి." ఒక కానిస్టేబుల్ని బాబాయ్ వెనక నిలబెట్టి, రెండోవాణ్ణి తీసుకుని వరండాలోకి పరుగెత్తాడు. నర్సు ఎవరినీ అడగకుండా అతని వెనకే పరుగెత్తింది.

సూదమ్మ బాబాయ్ చేత గుమ్మంలోని వాక్యం మార్పించింది. వస్తున్నాం. ఇంకేమీ కలపొద్దంది.

తొమ్మిదీ పదహారు నిమిషాల ఇరవయ్యో సెకనుకి మళ్ళీ తలుపు చప్పుడు. ఈసారి పేరు రావడానికి పదకొండు సెకన్లు పట్టింది. ఈ మాట తర్వాత ఇంకో మాటకి అవకాశం దొరుకుతుందో లేదో ఆ పిల్లకి తెలియదు. త్వరగా అని చెప్పొచ్చు. ఎంతమంది కాపలా ఉన్నారో చెప్పొచ్చు. తనని ఏం చేయబోతున్నారో చెప్పొచ్చు.

తెర మీద పడిన పేరు, ఇద్దరం.

సూదమ్మ ఆ అక్షరాల మీద వేలు ఆనించింది. పదిహేను రోజుల్లో ఇంకో మనిషి తప్పిపోయినట్టు ఏ స్టేషన్లోనూ కంప్లయింట్ లేదు. ఎవరూ వెతకని మనిషి ఒకరు ఆ చీకటిగదిలో ఉన్నారు. ఆ సంగతి బయటి లోకానికి చెప్పడానికి ఆమె తన దగ్గర మిగిలిన మాటని ఇచ్చేసింది.

"అమ్మా," అన్నాడు బాబాయ్. "పదిహేను సార్లు వచ్చి పదిహేను సార్లూ వెళ్తున్నానని చెప్పే వెళ్ళింది. ఇప్పుడు చెప్పలేదు. మధ్యలో తెగిపోయింది. మిషన్ని ఎవరో లాగేశారు."

సూదమ్మ ఫోన్ అందుకుని మేనల్లుడి నంబరు నొక్కింది. జీపు అప్పుడే గేటు దాటుతోంది. కొత్త వంతెనకి ఇంకా ఇరవై నిమిషాల దారి ఉంది.